శెరమీల పెరడు

మార్చి మూడో వారం వచ్చిందంటే అజేలి శెరమీ తెల్లారగానే రేవు చెక్కల మీద బోర్లా పడుకుని, మోచెయ్యి మునిగేదాకా నీళ్ళలో చెయ్యి పెడుతుంది. చలి ఎముకల్లోకి పాకితే "ఇంకా లేదులే" అనుకుని లేచి లోపలికి పోతుంది. పరలోక జపం ఒకటి పూర్తయ్యేదాకా ఓర్చుకోగలిగితే మాత్రం, ఇక ఇవాళో రేపో మచ్చల ట్రౌట్ లోపలి మడుగులు వదిలి ఉప్పుగడ్డి అంచులకి దిగుతుందన్నమాట. థర్మామీటర్ లేక కాదు. ఆమె పడవెక్కి గాలం వేసి వెళ్ళిన పట్నం ఆసామి ఒకాయన ఒకటి బహుమానంగా పంపాడు. అంజూరాల పాకం కాచేటప్పుడు దాన్ని వాడుతుంది.

ఆ రోజుల్లో, చిత్తడి పాయ ఒడ్డున ఉన్న మా బాయూ సెలెస్త్‌లో ఎవరి పడవ ఆమె రేవు ముందునుంచి పోయినా, మోటారు తగ్గించి ఒకటే మాట అడుగుతారు.

"వచ్చిందా?"

"ఎక్కడ! ఈ ఏడు దారిలో నిద్రపోయినట్టుంది."

"ఈస్టర్ ముందుగా పడింది కదా. వస్తుందిలే."

వాళ్ళు అడిగేది చేప గురించి కాదు, పెరడు గురించి. అరవై ఐదు తుఫానులో శెరమీల ఇల్లు నిలబడింది గానీ, ఇంటి వెనక పెరడు, అరెకరం పైమాట, అంజూరపు చెట్టుతో, బట్టల తీగతో, వాళ్ళ నాన్న కూర్చుని వలలు అల్లుకునే బల్లతో సహా తెగి సముద్రం వైపు వెళ్ళిపోయింది. అలా పోయిన నేలలు మా వైపు బోలెడు. పోయినవి పోయాయి. శెరమీల పెరడు ఒక్కటి ఆర్నెల్లు తిరిగి మార్చిలో ఇంటికొచ్చింది. వాళ్ళమ్మ మెట్లు దిగి, సెప్టెంబరులో ఆరేసిన దుప్పట్లు తీగ మీంచి తీసి మడతపెట్టుకుని లోపలికి పోయింది. "బాగా ఆరాయి" అంది, అంతే.

అప్పట్నుంచీ ఏటా వస్తుంది. ఒక రోజు రేవుకి ఆనుకుని ఉంటుంది. మర్నాటినుంచి ఏడెనిమిది వారాలు చిత్తడిలో తనకి నచ్చినచోటల్లా ఆగుతూ తిరుగుతుంది. దాని వేళ్ళ కింద రొయ్యపిల్లలు చేరతాయి, రొయ్యల కోసం ట్రౌట్ చేరుతుంది. మే ఎండలు ముదిరాక చేపలతో పాటే సముద్రానికి వెళ్ళిపోతుంది. చిత్తడిలో కలిశాక బయటివాళ్ళ కంటికి అదీ మిగతా గడ్డిలాంటి గడ్డే. శెరమీల ఇంట పుట్టినవాళ్ళకే ఆనవాలు తెలుస్తుంది. చేపలు గట్టిగా మేసేచోట నీళ్ళ మీద నూనె పొర తేలి, అప్పుడే పుచ్చకాయ కోసినట్టు వాసనొస్తుంది కదా, అజేలి ఆ వాసన పట్టుకుని పోయి పెరడు పక్కన పడవ నిలుపుతుంది. పట్నంవాళ్ళ చేతికి గాలాలిచ్చి, "బెండుని రెండుసార్లు గుటుక్కుమనిపించి ఊరుకోండి బాబూ, తెగ గుంజకండి" అంటుంది. ఆమె బతుకు ఆ ఏడెనిమిది వారాల మీదే నడుస్తుంది. మిగతా ఏడాదంతా పీతలు ఒలవడమే.

ఊళ్ళో ఎవరూ ఆమె పడవ వెనకాల పోరు. ఒకరి చేపల చోటు ఇంకొకరు అడగడం మాలో ఒకరి పెళ్ళాం వయసు అడగడం కంటే పెద్ద తప్పు. వెనకాల ఎవడైనా వస్తున్నట్టనిపిస్తే మోటారు కట్టేసి, వాడు సిగ్గుపడి వెళ్ళిపోయేదాకా కాఫీ తాగుతూ కూర్చుంటాం.

అలాంటి మనిషి ఒక ఏడు పక్కన కూర్చోబెట్టుకుని మరీ తీసుకెళ్ళింది, తమ్ముణ్ణి.

అజేలికి పెళ్ళి లేదు. తల్లి పోయేనాటికి తమ్ముడు ఒవీడ్‌కి పదకొండేళ్ళు. వాడికి అన్నం పెట్టి, చొక్కాలు కుట్టి, మెట్లమీద కూర్చోబెట్టి తల దువ్వి బడికి పంపింది ఈమే. వాడు పెద్దవాడై సముద్రంలో చమురు తీసే రిగ్గుల మీద పనికి పోయి, ముప్పై ఏళ్ళు అక్కడే ఉండి, యాభై రెండో ఏట నడుం పట్టేసి తిరిగొచ్చాడు. బాయూ చివర, రోడ్డు నీళ్ళలోకి దిగిపోయేచోట, చక్రాల మీద నిలబెట్టిన ఒక రేకుల ఇంట్లో పడుంటాడు. పొద్దస్తమానం టీవీ చూడటమే పని. పలకరించబోతే "నా నడుం నా ఇష్టం" అంటాడు. 

ఈస్టర్ ముందు తపస్సు కాలంలో మూడో ఆదివారం పూజ అయ్యాక అజేలి వాడి రెక్క పుచ్చుకుంది.

"ఒరేయ్, రేపు నాతో రా. పెరడు వచ్చింది."

"నేనెందుకక్కా? వచ్చేది నీ రేవుకి."

"నీ పెరడు కాదట్రా? నోర్మూసుకుని రా. బిస్కెట్లు తెస్తాను."

ఆ సోమవారం ఆటుకి నీళ్ళు తీస్తున్నాయి, గాలి ఆగ్నేయం నుంచి మెల్లగా వస్తోంది, గడ్డి అంచున నీళ్ళు ఆకుపచ్చగా తేటపడ్డాయి. ఒవీడ్ పెరడుని ఆమెకంటే ముందే పోల్చుకున్నాడు. అంజూరపు చెట్టు అప్పుడే చిగురు వేస్తోంది. ఒక చిగురు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, యాభై రెండేళ్ళ మొగాడు పిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే పంతొమ్మిది చేపలు పట్టాడు. అజేలి ఆ రోజు ఇంటికొచ్చి క్లేలీ పిన్నితో "నా తమ్ముడు నాకు దొరికాడే" అని చెప్పుకుంది. క్లేలీ పిన్ని అంటే పక్కింటి ముసలమ్మ, ఎనభై నాలుగేళ్ళు. చెవులు సరిగ్గా వినపడవు గానీ అన్నిటికీ జవాబు చెబుతుంది.

"దొరికితే మంచిదే. ఎన్ని పౌన్లుంటాడు?" అంది క్లేలీ పిన్ని.

ఆ తరవాత ఒవీడ్ రోజూ వచ్చాడు. పడవ కడిగాడు. రొయ్యలు గాలానికి గుచ్చి ఇచ్చాడు. నాలుగో వారంలో ఒకరోజు, "అక్కా, ఇదిలా తిరక్కుండా ఒక్కచోట ఉంటే ఎంత బావుండును?" అన్నాడు. అజేలి నవ్వేసి, "నువ్వు ముప్పై ఏళ్ళు ఒక్కచోట ఉన్నావేంట్రా?" అంది. వాడు నవ్వలేదు. ఆమె పట్టించుకోలేదు. ఎవరైనా సొంత తమ్ముడి మొహం ఎన్నిసార్లని చదువుతారు?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాలో గుడ్ ఫ్రైడేనాడు నేలకి ఇనుము తగలనివ్వరు. పార లేదు, నాగలి లేదు, గుంజ పాతేది లేదు. గురువారం సాయంత్రం గుడి గంట మూగబోతుంది, మళ్ళీ శనివారం మధ్యాహ్నం మోగేదాకా అంతే. ఆ మధ్యలో నేలని ఇనుముతో కదిపితే నేల రక్తం కారుస్తుంది. ఎందుకని ఎవరూ అడగరు. మా తాతల నాటినుంచి అలాగే.

ఆ శుక్రవారం పొద్దున్నే అజేలి ఒంటరిగా వెళ్ళింది. చర్చి వంటలకి చేపలు కావాలి. ఒవీడ్ కబురు పంపాడు, నడుం పట్టేసింది రానని. వాసన పట్టుకుని పోతే పెరడు పెలికన్ మలుపులో కనపడింది. కానీ తీరు వేరుగా ఉంది. నీళ్ళు తీస్తుంటే మామూలుగా పెరడు కొంచెం కొంచెంగా జారుతూ ఉంటుంది. ఆ పూట కదలట్లేదు. దగ్గరికి వెళ్తే కిర్రుకిర్రుమని చప్పుడు, వేళ్ళు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు. నాలుగు మూలలా నాలుగు ఇనుప గొట్టాలు, ఒక్కోటి రెండు నిలువుల పొడుగుంటుంది, పెరటిని పొడిచి కింది బురదలోకి దిగి ఉన్నాయి. వాటిని కలుపుతూ గొలుసు. ఒక్కో గొట్టం చివర నారింజరంగు జెండా. జెండా మీద, గాలాలు వేసే పట్నంవాళ్ళ కోసం రోడ్డు పక్కన కొత్తగా కట్టిన లాడ్జి బొమ్మ. అంజూరపు చెట్టు ఒక పక్కకి ఒరిగిపోయింది.

శనివారం ఉదయం ఆ లాడ్జి ప్రారంభం, చేపల పందెం, నలభై పడవలు వస్తున్నాయని ఊరంతటికీ తెలుసు. నలభై పడవలు ఒక్క పూట ఈ అరెకరం చుట్టూ మూగితే చేప అన్నది మిగలదు. ఈలోగా కదలనివ్వని పెరడు నీళ్ళ ఒరవడికి చీలికలు పేలికలైపోతుంది. ఆమె వంగి ఆ గొలుసు ముడి చూసింది. రిగ్గుల మీద పనిచేసినవాళ్ళు వేసే ముడి అది. మిగతా ముడులు ఎవరైనా వేస్తారు. పెరడు ఇదని చూపించేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

మూడింటికి సిలువ మార్గం అయ్యి, జనం గుడి ముందు చేపలు వేయిస్తూ ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒవీడ్ కూడా ఉన్నాడు, చేతిలో జపమాలతో. అజేలి నేరుగా వాడి ముందుకొచ్చి నిలబడింది.

"నడుం ఎలా ఉందిరా? గొట్టాలు దింపితే తగ్గిందా?"

వాడు ప్లేటు వైపు చూశాడు. "అక్కా, ఇక్కడొద్దు."

"ఇక్కడే. నేను దాచుకోవాల్సిందేముంది? చోటు నువ్వు అమ్మేశావు కదా."

"అమ్మలేదు. పైసా తీసుకోలేదు, ఒట్టు. లాడ్జి కట్టిన హార్లన్ గారు పడవ కెప్టెన్‌గా పెట్టుకుంటానన్నారు. పెరడు ఎదురుగా గది కట్టిస్తానన్నారు. రోజూ పొద్దున్నే లేచి దాన్ని చూడొచ్చని..." వాడు జపమాల చేతికి చుట్టుకున్నాడు. "నాన్న పోయినప్పుడు నేను సముద్రం మధ్యలో ఉన్నాను. అది ఏటా నీ రేవుకే వస్తుంది. నా గుమ్మానికి ఒక్కసారైనా వచ్చిందా? నేను ఆ ఇంట్లో పుట్టలేదా?"

"అడిగితే నేను కాదన్నానా? చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను కదరా! నమ్మించి గొంతు కోశావు."

"నేను నిన్ననే దింపాను, అక్కా. గురువారం, గంట ఆగకముందే. తప్పు చెయ్యలేదు."

అప్పుడు అర్థమైంది అజేలికి. గురువారం దింపితే శుక్రవారం ఎవరూ ముట్టరు. శనివారం మధ్యాహ్నం గంట మోగేదాకా ముట్టరు. పడవలు వచ్చేది శనివారం పొద్దున్న. తెల్లారుజామున లేచి మోకాళ్ళ మీద జపం చేసే అక్క అస్సలు ముట్టదు. వాడు అంతా లెక్క చూసుకునే చేశాడు. వాడికి జపం నేర్పింది ఈమే.

"నా భక్తిని తాళంకప్ప చేసుకున్నావన్నమాట" అంది. చెయ్యెత్తి వాడి ప్లేటు కింద పడేసింది. వేయించిన చేప మట్టిలో పడింది. 

జనం కలగజేసుకున్నారు. అందరూ ఆమె పక్షమే, కానీ ఇనుము దగ్గరికొచ్చేసరికి తలో మాట.

"పాపం అజేలీ, రేపు గంట మోగాక నేనే వచ్చి పీకుతాను" అన్నాడు ఎరల కొట్టు లూసియాన్.

"రేపు గంట మోగేసరికి అక్కడ పీకడానికేం మిగులుతుంది, మొద్దు మొహమా?" అంది వాళ్ళావిడ.

"ఫాదర్‌నడగండి."

ఫాదర్ మూడేళ్ళ కిందట ఒహాయో నుంచి వచ్చినాయన. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుని, "అమ్మా, నేల రక్తం గురించి మాకు సెమినరీలో చెప్పలేదు. మీ మనస్సాక్షి ఏం చెబితే అది చెయ్యండి" అన్నాడు. మనస్సాక్షి మీదికి నెట్టేస్తే అందరికీ హాయే.

క్లేలీ పిన్ని కర్ర తాటిస్తూ ముందుకొచ్చింది. "దించకూడదన్నారు. పీకకూడదని ఎవరన్నారు? మా అమ్మమ్మ కూడా అనలేదు. దిగబడిన ముల్లు తీస్తే పాపమా? పదవే, నేనొస్తాను."

"పిన్నీ, నువ్వు పడవలో కూర్చుని ఏం చేస్తావు?"

"జపం చేస్తాను. నువ్వు పీకుతూ జపం చెయ్యలేవు కదా."

ఒవీడ్ ఒక అడుగు వేశాడు, వెనక వస్తాననో, వద్దనో. అజేలి తిరిగి చూడలేదు. 

పెలికన్ మలుపుకి వెళ్ళేసరికి పొద్దు ఇంకా రెండు బారలుంది. పిట్టలు పెరడు చుట్టూ మునిగి లేస్తున్నాయి. అంచుల వెంట ట్రౌట్లు నీళ్ళు పగలగొట్టి రొయ్యల్ని తరుముతున్నాయి. అంత చేప ఆ మలుపులో ఎన్నడూ చూడలేదు. ఎటూ పోలేక అక్కడే తిరుగుతోంది. అజేలి ఇనుప పనిముట్టు ఒక్కటీ తీసుకురాలేదు. ఓక్ చెక్క గెడ, జనపనార తాడు, రెండు చేతులు. ముందు గొలుసు ముడి విప్పింది, వేళ్ళతోనే. విప్పడానికి గంటసేపు పట్టింది, రెండు గోళ్ళు లేచిపోయాయి. తరవాత మొదటి గొట్టానికి తాడు చుట్టి, గెడ కింద పెట్టి, భుజంతో పైకి ఎత్తింది.

గొట్టం మూరెడు లేచింది. దాని చుట్టూ ఎర్రగా ఊరింది.

తుప్పు అనుకుందామనుకుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. క్లేలీ పిన్ని పడవలోంచి తొంగిచూసి, జపం ఆపకుండానే సిలువ గుర్తు వేసుకుంది. అజేలి ఒక్క నిమిషం ఆగింది. ఇప్పుడు వదిలేసి వెళ్ళిపోతే పాపం ఇంతటితో ఆగుతుంది. కానీ పెరడు ఒరిగిపోయి, కిర్రుమంటూ, నీళ్ళ ఒరవడికి ఎదురీదలేక ఒణుకుతోంది. "క్షమించు తల్లీ, ఇంకొంచెం ఓర్చుకో" అని నేలతోనే చెప్పి, మొత్తం లాగేసింది. రెండోది, మూడోది కూడా. నాలుగోది లాగేసరికి ఆమె మోచేతుల దాకా ఎర్రబడింది, మలుపులో నీళ్ళు కూడా రంగు మారాయి. నాలుగు గొట్టాలనీ పడవలోకి వేసింది, నేలకి మళ్ళీ తగలకుండా.

పెరడు కాసేపు అలాగే ఉంది. తరవాత మెల్లగా మలుపు వదిలి, చెట్టు నిటారుగా చేసుకుని, సముద్రం వైపు వెళ్ళిపోయింది. దాని వెంటే పిట్టలు, దాని కిందే చేపలు. అజేలి ఏడుస్తూ నవ్వింది. 

శనివారం ఉదయం జరిగింది మా బాయూలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నలభై పడవలు, మెరిసే మోటార్లు, టోపీలు, ముందు పడవలో హార్లన్ గారు, ఆయన పక్కన తెల్ల చొక్కా వేసుకుని ఒవీడ్. పెలికన్ మలుపులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఒక్క రొయ్య ఎగరలేదు. ఒవీడ్ మూడు మలుపులు చూపించాడు, నాలుగోది చూపించాడు. పదకొండు గంటలకి హార్లన్ గారు గడియారం చూసుకుని, "ఒవీడ్ గారూ, మీరు నాకు చూపించింది నేలా, నిద్రలో వచ్చిన కలా?" అన్నారు. కెప్టెన్ పని అక్కడితో సరి. నలభై పడవలకీ కలిపి ఆ రోజు పడ్డవి మూడు క్యాట్‌ఫిష్‌లు, ఒక పాత టైరు. మధ్యాహ్నం గంట మోగేసరికి వాడు రోడ్డు మీద నడుచుకుంటూ ఇంటికి పోతున్నాడు. ఎవరూ బండి ఆపలేదు.

ఆ ఏడాదంతా ఎవరూ వాడితో మాట్లాడలేదు. అజేలి అసలే మాట్లాడలేదు. ఆ వసంతం పెరడు మళ్ళీ రాలేదు, పట్నంవాళ్ళకి ఏదో సాకు చెప్పి పంపేసింది. పీతలు ఒలిచింది, పడవకి రంగు వేయించడం మానుకుంది, సర్దుకుంది. "దెబ్బలు మానాలి కదా, పై ఏడు వస్తుంది" అనేది. క్రిస్మస్‌కి ఒవీడ్ ఒక కుండెడు గంబో పులుసు వండి ఆమె మెట్ల మీద పెట్టి పోతే, కుండ కడిగి ఖాళీగా వాడి మెట్ల మీద పెట్టి వచ్చింది. తిన్నదో పారబోసిందో చెప్పలేదు.

మార్చి వచ్చింది. ఒక ఉదయం గాలిలో పుచ్చకాయ వాసన తగిలి, అజేలి చేతిలో ఉన్నది ఉన్నట్టు వదిలేసి రేవు మీదికి పరిగెత్తింది. బాయూ మొగలోంచి పెరడు వస్తోంది. చెట్టు నిండా చిగుళ్ళు. గొట్టాలు దిగిన నాలుగు చోట్లా లేత గడ్డి మొలిచింది. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి నిలబడ్డారు. లూసియాన్ టోపీ తీసేశాడు. అజేలి రేవు అంచుకి వచ్చి రెండు చేతులూ చాపింది.

పెరడు ఆమె రేవు దాకా వచ్చింది. ఆగలేదు.

మెల్లగా, తొందరేమీ లేకుండా, మూరెడు దూరంలోంచి ఆమెను దాటిపోయింది. బట్టల తీగ ఆమె చేతికి అందేంత దగ్గర్నుంచి పోయింది. క్లేలీ పిన్ని రేవు దాటింది, ఎరల కొట్టు దాటింది, రోడ్డు నీళ్ళలో దిగిపోయేచోటికి, ఒవీడ్ రేకుల ఇంటి ముందుకి పోయి, వాడి విరిగిన మెట్లకి ఆనుకుని నిలబడింది.

అజేలి చెప్పుల్లేకుండా రోడ్డు వెంట నడిచి వెళ్ళింది. వెనకాలే కర్ర తాటిస్తూ క్లేలీ పిన్ని. ఒవీడ్ పై మెట్టు మీద బిగుసుకుపోయి నిలబడి ఉన్నాడు.

"అక్కా, నేను పిలవలేదు. అమ్మ తోడు, నేనేం చెయ్యలేదు."

ఆమె మెట్టు మీంచి పెరట్లోకి కాలు పెట్టబోయింది. పెరడు మూరెడు వెనక్కి జరిగింది. ఆమె కాలు తీసింది, అది మళ్ళీ మెట్లకి ఆనుకుంది. ఇంకోసారి పెట్టింది. అది ఇంకోసారి జరిగింది. గట్టిగా కాదు, దురుసుగానూ కాదు. వడ్డించేటప్పుడు వద్దనుకున్నవాళ్ళు పళ్ళెం పక్కకి జరుపుతారే, అలా.

"ఇదేం న్యాయం!" అని అరిచింది అజేలి. "పొడిచింది వాడు! నేను పీకాను! నా గోళ్ళు చూడు!"

క్లేలీ పిన్ని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "వాడు దింపింది గురువారమే. నువ్వు పీకింది శుక్రవారం. నేలకి వారాలు తెలుస్తాయి గానీ మనసులెక్కడ తెలుస్తాయే."

"నువ్వే కదా పిన్నీ, పీకితే పాపం లేదన్నావు?"

"అన్నాను. నాకేం తెలుసు? నాకెప్పుడైనా పెరడుందా?" అంటూ ముసలమ్మ కళ్ళు ఒత్తుకుంది.

ఒవీడ్ మెట్లు దిగి అక్క పక్కన నిలబడ్డాడు. "నువ్వు లేకుండా నేను దిగను. పొమ్మంటాను దాన్ని."

అజేలి వాడి మొహంలోకి చూసింది, ఏడాది తరవాత మొదటిసారి. వాణ్ణి కొట్టాలనే ఉంది ఆమెకి. ఆ ఏడుపు మొహాన్ని కొంగుతో తుడవాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు.

"పొమ్మంటే పోతుందిరా, మళ్ళీ ఎవరికీ రాదు. దిగు. నాన్న బల్ల మీద పిట్టలు రెట్టలేశాయి, కడుగు."

వాడు దిగాడు. పెరడు చలించలేదు. వాడి బరువుకి గడ్డి కొంచెం కుంగి మళ్ళీ పైకొచ్చింది. వాడు మోకాళ్ళ మీద కూలబడి, నేలకి నోరు దగ్గరగా పెట్టి, అక్క ఏ పాపం ఎరగదని, అంతా తనే చేశానని, ఎంతోసేపు చెప్పాడు. లేచి వచ్చాడు.

"ఏమీ అనట్లేదక్కా."

"అనదులే. అమ్మా అంతే. నా మీద కోపమొస్తే నాతో మాట్లాడేది కాదు, నిన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది" అంది అజేలి.

ఆ పగలంతా రోడ్డు అంచున కూర్చుని పెరడుని చూసింది, అందేంత దూరంలో, ముట్టుకోకుండా. చీకటి పడకముందే లేచి ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున్న పెరడు చిత్తడిలోకి బయల్దేరింది. ఒవీడ్ అప్పు తెచ్చుకున్న చిన్న పడవలో దాని వెనకాల పోతూ, అక్క రేవు ముందు మోటారు తగ్గించాడు. "రా అక్కా, చేపలైనా పడదాం. దిగకపోతేనేం, పక్కన ఉండి వేద్దాం" అన్నాడు. అజేలికి అది నిజమేననిపించింది. గాలం తీసుకుంది, రొయ్యల డబ్బా తీసుకుంది, తన పడవలోకి దిగి తాడు విప్పింది.

ముందు పోతున్న పెరడు ఆగిపోయింది.

నీళ్ళు బాగా తీస్తున్నాయి, చుట్టూ ఉన్న ఆకూ అలమూ అన్నీ కొట్టుకుపోతున్నాయి, అది మాత్రం నడి బాయూలో నిలబడిపోయింది. పైన తిరిగే పిట్టలు కూడా అక్కడే తిరుగుతున్నాయి. ఒవీడ్ పెరడు వైపూ అక్క వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. వాడి కొత్త గాలం ఇంకా తడవనైనా లేదు.

"ఏమైందక్కా? ఎందుకాగింది?"

"ఏమీ లేదు, నువ్వు నడు" అంది అజేలి. రేవు గుంజకి తాడు మళ్ళీ చుట్టి, రెండు ముడులు వేసి, గట్టిగా లాగి చూసింది. అప్పుడు పెరడు కదిలింది.